కొల్లేటి నడక

జహీరా ఎక్కే పాసింజరు ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం చేరేసరికి బడి తెరవడానికి ఇంకా చాలా వ్యవధి ఉండేది. తర్వాతి బండికి వస్తే మొదటి పీరియడు అందదు. స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో కూర్చుంటే పక్కవాళ్ళు మాటల్లో పెట్టి ఇంటి సంగతులన్నీ అడుగుతారు. అందుకని ఆమె సంచీ భుజాన వేసుకుని ఉల్లిపాయల మార్కెట్టుకి నడిచేది.

అక్కడ కర్నూలు నుంచి వచ్చిన లారీలు వరసగా ఆగి ఉండేవి. ప్రతి లారీ వెనకా నేల మీదకి ఒక చెక్కబల్ల వాల్చి ఉండేది. హమాలీలు ఆ బల్ల మీద ఖాళీగా ఎక్కి, భుజాన బస్తాతో దిగి, షెడ్డులోకి నడిచి, పేర్చిన బస్తాల నెట్టు మీద దాన్ని పడేసి మళ్ళీ వెనక్కి వచ్చేవాళ్ళు. జహీరా ఒక స్తంభం పక్కన నిలబడి వాళ్ళని గీసేది. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు బడిలో ఆమె డ్రాయింగ్ టీచరు. బడిలో చెప్పేది కుండలూ అరటిపళ్ళూ. తనకోసం గీసుకునేది ఇది.

మొదట్లో హమాలీల జట్టువాళ్ళు ఆమె ఏదో ఆఫీసు నుంచి వచ్చిందనుకున్నారు. జట్టు మేస్త్రీ చంటి దగ్గరికొచ్చి కాగితం వంక చూశాడు. అడ్డదిడ్డంగా గీతలు తప్ప అతనికేమీ కనపడలేదు.

"ఏవండీ, ఫోనులో తీసుకోవచ్చు కదండీ. ఇంత శ్రమెందుకు?" అన్నాడు.

"ఫోను పైకెత్తితే మీవాళ్ళు ఆగి మీసం సవరించుకుంటున్నారండీ."

చంటి నవ్వాడు. "అదీ నిజమేలెండి."

కూర్చోడానికి చోటు చూపించింది మాత్రం నెల్సన్. యాభై దాటిన మనిషి, జట్టులో అందరికన్నా పెద్దవాడు. చంటి కంటే ముందు అతనే మేస్త్రీ. "అక్కడ నిలబడితే ఎప్పుడో బస్తా మీద పడుద్దండి టీచరమ్మ గారూ. కాటా పక్కన కూర్చోండి, అటెవడూ రాడు" అని ప్లాస్టిక్ ట్రే ఒకటి బోర్లించి పెట్టాడు. ఆ రోజు నుంచి అది ఆమె చోటు.

జహీరా తండ్రి అబ్దుల్ మజీద్ ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీలకి నమూనాలు గీసేవాడు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడి ఒక్కో ముడి. పూరేకు వంపు తిరగాలంటే ఏ గడి దగ్గర రంగు మారాలో ఆయన రోజుల తరబడి ఆలోచించేవాడు. ఆయన గీసేవేవీ కదలవు. చిన్నప్పుడు జహీరా ఆయన పక్కన కూర్చుని మగ్గం వైపు చూసేది. ముడి వేసే చెయ్యి, దారం కోసే చెయ్యి, దువ్వెనతో పోగు దిగ్గొట్టే చెయ్యి. గీయబోయేసరికి ఆ చెయ్యి అక్కడ ఉండేది కాదు. ఉడుకుమోత్తనంతో కాగితాలు చింపేసేది. కొన్నాళ్ళకి ఒక సంగతి అర్థమైంది. పని చేసే మనిషి వదిలేసి వెళ్ళిన కదలిక దగ్గరికే మళ్ళీ వస్తాడు. కాబట్టి ఒకే కాగితం మీద రెండు మూడు బొమ్మలు కలిపి మొదలుపెట్టాలి. ముడి వేస్తున్నప్పుడు ఆ బొమ్మకి ఒక గీత, దారం కోస్తున్నప్పుడు ఈ బొమ్మకి ఒక గీత. వెంటపడనక్కర్లేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు.

తండ్రి ఆ కాగితాలు చూసి కోప్పడలేదు. "మొహం వెయ్యకు" అని మాత్రం అన్నాడు. ప్రాణమున్నదాని బొమ్మ వేసినవాళ్ళని చివరి రోజున దేవుడు దానికి ప్రాణం పొయ్యమని అడుగుతాడని వాళ్ళింట్లో నమ్మకం. మొహం లేకపోతే అది మనిషి బొమ్మ కాదు, ఒట్టి గీత. జహీరా ఆ మాట దాటలేదు. పెళ్ళయి అదే ఊళ్ళో వేరే పేటకి వెళ్ళినా దాటలేదు. తల ఉండాల్సిన చోట కోడిగుడ్డు ఆకారం ఒకటి, అది ఎటు ఒరిగిందో చెప్పడానికి చిన్న గీత ఒకటి. అలవాటయ్యాక అక్కడ మొహం లేదన్న సంగతే ఆమెకి తోచేది కాదు.

మార్కెట్టులో ఆమె చెయ్యి ఇంకా కుదురుకుంది. బస్తా మోసే మనిషిని తల దగ్గర మొదలుపెడితే బొమ్మ ముందుకు తూలి పడబోతున్నట్టు వచ్చేది. ముందు నేలకి ఆనిన పాదం పెట్టి, అక్కడి నుంచి మెడ దాకా ఒకే గీత లాగితే మనిషి నిలబడేవాడు. బరువున్న కాలికి పెన్సిలు నొక్కి పట్టాలి, రెండో కాలికి తాకించి వదలాలి. ఆ పైన లుంగీ మడతలు ఎటు లాగుతున్నాయో చూసి రెండు గీతలు. రబ్బరు ఆమె సంచీలో ఉండేది కాదు. తప్పిన గీత పక్కనే సరైన గీత పడేది. ఆ రెండూ కలిసి మనిషి ఇంకా నడుస్తున్నట్టే ఉండేవి.

అందరిలోకీ నెల్సన్ గీత బాగా వచ్చేది. మిగతావాళ్ళు బల్ల మీద అడుగులో అడుగు వేసుకుంటూ దిగేవాళ్ళు. నెల్సన్ ఎడమ కాలు ఆన్చి, నడుము కొద్దిగా తిప్పి, కుడి కాలు పైకి లాగి చటుక్కున తెచ్చి దాని పక్కన పెట్టి, ఆ వెంటనే మళ్ళీ ఎడమ కాలు వేసేవాడు. పాదం నుంచి మెడకి పోయే గీత అతనొక్కడికే విల్లులా వంగేది.

జట్టువాళ్ళు దాన్ని కొల్లేటి నడక అనేవాళ్ళు. నెల్సన్‌ది కొల్లేటిలో ఒక లంక గ్రామం. చిన్నప్పటి నుంచీ మోకాలి లోతు బురదలో వల లాగినవాడు తారు రోడ్డు మీద కూడా కాలు బురదలోంచి పెరుక్కుంటున్నట్టే నడుస్తాడని వాళ్ళ నమ్మకం.

"కొంగ దిగుతోందిరోయ్, తప్పుకోండి" అనేవాడు మధుబాబు, వెనక బస్తాతో దిగుతూ.

"కొంగనేరా. చేప పడేదాకా ఒంటికాలి మీద నిలబడగలను. నువ్వు నిలబడు చూద్దాం" అనేవాడు నెల్సన్. బల్ల దిగగానే బస్తాతోనే ఎడమ కాలి మీద ఆగి, కుడి కాలు గాల్లోకి ఎత్తి చూపించేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. జహీరా కూడా నవ్వి, ఆ క్షణాన్ని గీసుకునేది.

ఒకరోజు లారీలు రావడం ఆలస్యమైంది. నెల్సన్ టీ గ్లాసుతో కాటా దగ్గరికొచ్చాడు. "ఇన్నాళ్ళ నుంచీ మమ్మల్నేం చేస్తున్నారో చూడనివ్వండి" అని చెయ్యి చాపాడు. జహీరా కాగితాల అట్ట ఇచ్చింది.

"మొహాల్లేవేంటండీ?"

"మా ఇంట్లో మొహాలు వెయ్యమండీ."

అతను ఒక్కొక్క కాగితమే తిప్పి, ఒకదాని దగ్గర ఆగిపోయాడు. దాని మీద ఒకే మనిషి ఆరేడు చోట్ల ఉన్నాడు.

"ఇది నేనే కదండీ."

"అవునండీ. మీ గీతే నాకు బాగా వస్తుంది."

నెల్సన్ షెడ్డు వైపు ఒకసారి చూసి, అట్ట మూసి ఆమె ఒళ్ళో పెట్టాడు. టీ గ్లాసు నేల మీద పెట్టి, ఎడమ కాలి మీద బరువు ఉంచి మెల్లిగా కూర్చున్నాడు.

"ఇవి ఎవరికీ చూపించకండి టీచరమ్మ గారూ."

"ఎందుకండీ?"

"కుడి మోకాలు పోయి రెండేళ్ళయిందండి. గుజ్జు అరిగిపోయిందన్నాడు డాక్టరు. కొల్లేరూ లేదు, కొంగా లేదు. మా ఊళ్ళో అందరూ మీలాగే నడుస్తారండి." అతను గొంతు పెంచకుండా చెప్పుకుపోయాడు. "జట్టులో వచ్చింది అందరం సమంగా పంచుకుంటాం. ఒకడు ఆగి ఆగి మోస్తే ఆ బస్తాలు మిగతావాళ్ళ మీద పడతాయండి. తెలిస్తే ఊరుకోరు. ఊరుకోకూడదు కూడా. నేను మేస్త్రీగా ఉన్నప్పుడు ఇద్దర్ని నేనే పంపించాను."

"ఎక్కడికి?"

నెల్సన్ గడ్డంతో షెడ్డు చివరికి చూపించాడు. అక్కడ ఆడవాళ్ళు గోతాల మీద కూర్చుని కుళ్ళిన ఉల్లిపాయలు ఏరుతున్నారు.

"ఏరుడికండి. అక్కడ జట్టు పాలు రాదు. మా అమ్మాయి నర్సింగు ఆఖరు సంవత్సరం. అది బయటపడేదాకా ఈ బల్ల మీద దిగితే చాలు నాకు."

"మొహం లేదు కదండీ. మీరని ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది కదా."

"మీ ఒళ్ళు కాబట్టి మీకు తెలిసింది. మార్కెట్లో ఎవరికీ చూపించను లెండి" అంది జహీరా.

లారీ హారను వినపడింది. నెల్సన్ కాటా రాడ్డు పట్టుకుని లేచాడు.

డిసెంబరు నెలలో ప్రిన్సిపాల్ క్రాంతి కుమార్ ఆమెని గదికి పిలిచాడు. "మేడం, వచ్చే ఏడాది నుంచి డ్రాయింగ్ పీరియడు తీసేసి ఫౌండేషన్ మ్యాథ్స్‌కి ఇద్దామంటున్నారండీ మేనేజ్‌మెంటువాళ్ళు. పేరెంట్స్ డేకి గోడ మీద కాస్త కొట్టొచ్చినట్టు ఏదైనా కనపడితే నేను మాట్లాడటానికి వీలుంటుంది. కుండలు వద్దండీ, చూసి చూసి ఉన్నారు."

ఆ రాత్రి జహీరా మార్కెట్టు కాగితాలన్నీ మంచం మీద పరిచింది. నెల్సన్‌వి ముందే తీసి పక్కన పెట్టింది. మిగిలినవాటిని గోడకి ఆనించి చూసింది. తప్పులు లేవు. ఏ టీచరు గీసినా అలాగే ఉంటాయి. పక్కన పెట్టినవాటిలోంచి ఒకటి తెచ్చి మధ్యలో పెట్టింది. గోడంతా కదిలినట్టయింది. ఇంకొకటి తెచ్చింది. మొహం లేదు, పేరు లేదు. ఏ ఊరి మార్కెట్టో రాయదు. బడికి వచ్చేది పిల్లల తల్లిదండ్రులు, హమాలీలు కాదు. చివరికి నెల్సన్‌వన్నీ ఒకే వరసలో, మిగతావాళ్ళవి దాని పైన పెట్టి, అన్నిటికీ పైన అతికించడానికి "కదిలే మనిషిని గీయడం ఎలా?" అని ఒక కాగితం మీద రాసింది.

పేరెంట్స్ డే శనివారం. వచ్చినవాళ్ళలో చాలామంది తమ పిల్లల బొమ్మ ఎక్కడుందో వెతుక్కుని, దాని పక్కన పిల్లల్ని నిలబెట్టి ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. మధ్యాహ్నం దాటాక చిలకాకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ మూడో క్లాసు చదివే కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. కూతురు లాగుతున్నా కదలకుండా నెల్సన్ బొమ్మల వరస ముందు నిలబడింది.

"ఇవి మీరేనాండీ వేసింది? ఇంత తొందరగా పోయే మనుషుల్ని ఎలా పట్టుకున్నారండీ?"

పొద్దున్నుంచి ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆవిడొక్కతే. జహీరా ముందుకొచ్చింది. మళ్ళీ అదే కదలిక వచ్చేదాకా ఆగడం గురించి చెప్పింది. కళ్ళు మూసుకుని చివరగా చూసినదాన్ని పట్టుకోవడం గురించి చెప్పింది. "అన్నిటికన్నా ముందు పాదం చూడాలండీ. బరువు ఏ కాలి మీద ఉందో ఆ కాలు నల్లగా పడుతుంది. రెండోది ఊరికే తాకించి వదిలేస్తాం. అంతే, మనిషి నడుస్తాడు."

"ఓహో." ఆవిడ వేలు గోడకి తగలకుండా గాల్లో పెట్టి చూసుకుంటూ నడిచింది. "పైనున్న ఇతనికి కుడి కాలి మీదుంది బరువు. ఈ వరసలో ఇతనికి ఎడమ. ఇదిగో, ఇక్కడా ఎడమే. ఇదీ ఎడమే." ఆవిడ వరస చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. "ఈ వరసంతా ఒకే మనిషిలా ఉన్నాడు. ఈయనకి కుడి కాలు ఎక్కడా నల్లగా లేదేంటండీ? అన్నిట్లో పొగలాగే ఉంది."

జహీరా కూడా ఆ వరస చూసింది. అన్నీ తనే అతికించింది. ఇలా ఒకదాని తర్వాత ఒకటి ఎప్పుడూ చదవలేదు.

"అదా. ఆయన నడకే అంతండీ" అంది. జట్టువాళ్ళ మాట అప్పుడు గుర్తొచ్చింది. దాంతో ఈ ప్రశ్న ఆగిపోతుందనుకుంది. "కొల్లేటి మనిషి. బురదలో నడిచి నడిచి అలా అలవాటైపోయింది."

ఆవిడ చెయ్యి దింపేసింది.

"నెల్సన్ మావయ్య గారా?"

జహీరా ఆ వరసకి అడ్డం వచ్చి నిలబడింది.

"నా పేరు వీరదుర్గండి. చంటి గారని జట్టు మేస్త్రీ, మా ఆయనే. మధుబాబు నా తమ్ముడు." ఆవిడ గొంతు ఇందాకటంత మెత్తగానే ఉంది. "వాడు రోజూ ఇంటికొచ్చి భుజం చూపిస్తాడండి. బస్తాలు ఎక్కువ పడుతున్నాయక్కా అంటాడు. ఒళ్ళు వంగక అలా చెప్తున్నాడని నేనే తిట్టాను. మొన్న కూడా తిట్టాను."

"మీ ఆయనకి చెప్పకండీ. నెల్సన్ గారి అమ్మాయి చదువు అయ్యేదాకా."

"చెప్పకుండా ఎలా ఉంటానండీ? మీరైతే ఉంటారా?"

కూతురు మళ్ళీ చెయ్యి లాగింది. వీరదుర్గ రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "బొమ్మలు మాత్రం చాలా బాగున్నాయండీ. ఆయన ఎదురుగా నడుస్తున్నట్టే ఉంది."

సాయంత్రం క్రాంతి కుమార్ ఆ వరసని ఫోనులో తీసుకున్నాడు. మేనేజ్‌మెంటు వాళ్ళకి నచ్చిందని, పీరియడుకి ఢోకా లేదని చెప్పాడు. బస్తాతో దిగే బొమ్మ ఒకటి గోడ మీంచి విప్పించి తీసుకెళ్ళాడు. తిరుగు బండిలో జహీరా తలుపు దగ్గర నిలబడింది. భీమడోలులో దిగేవాళ్ళు బుట్టలతో, సంచులతో దిగుతుంటే వాళ్ళ పాదాలు చూడకుండా ఉండలేకపోయింది. ఒక ముసలాయన మెట్టు మీద ఏ కాలు ముందు పెట్టాడో చూసి, తల తిప్పేసుకుంది.

ఆదివారం తంగెళ్ళమూడి వెళ్ళింది. మజీద్‌కి ఇప్పుడు చూపు ఆనదు. మంచం మీద కూర్చుని అంతా విన్నాడు.

"మొహం వెయ్యలేదు నాన్నా."

"నడక వేశావుగా."

"మొహం లేకపోతే అది ఒట్టి గీత అన్నావు."

"నేను పూలు గీసుకునేవాణ్ణమ్మా" అన్నాడు. "నాకేం తెలుసు?"

సోమవారం తర్వాతి బండికి వెళ్దామనుకుంది. చివరికి రోజూ వెళ్ళే బండికే వెళ్ళింది. మార్కెట్టులో ట్రే కాటా పక్కన అలాగే బోర్లించి ఉంది. బల్ల మీద నెల్సన్ లేడు. షెడ్డు చివర ఆడవాళ్ళ మధ్య గోతం పరుచుకుని, కుడి కాలు ముందుకు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ముందు ఉల్లిపాయల కుప్ప ఉంది.

చంటి ఎదురొచ్చాడు. "నెల్సన్ బాబాయ్ సంగతి మాకెవరికీ తెలీలేదండి టీచరమ్మ గారూ. నిన్న నిలబెట్టి అడిగితే ఒప్పేసుకున్నాడు. మాకూ కష్టంగానే ఉంది. కానీ జట్టు జట్టేనండి." కాస్త తటపటాయించి మళ్ళీ అన్నాడు. "మిగతావాళ్ళవి కూడా అలాగే గీసి ఒకసారి నాకు చూపించండి. ఎవడు ఎలా మోస్తున్నాడో తెలుస్తుంది. మా కంటికి ఆనట్లేదు."

"అందుకు కాదండీ నేను గీసేది."

"మరెందుకండీ?" అన్నాడు చంటి. వేళాకోళంగా అడగలేదు. నిజంగానే అడిగాడు. ఇంతలో లారీ దగ్గరి నుంచి పిలుపు వస్తే వెళ్ళిపోయాడు.

ట్రే మీద కూర్చుని జహీరా పెన్సిలు తీసింది. బల్ల మీద దిగుతున్న మధుబాబు అది చూశాడు. వెంటనే నడుము నిటారుగా పెట్టి, రెండు కాళ్ళూ సమంగా ఆన్చుతూ, పోలీసు సెలక్షన్లకి వచ్చినవాడిలా దిగాడు. అతని వెనకవాడూ అంతే. ఆ వెనకవాడూ అంతే. ఎవరూ ఎవర్నీ కొంగా అని పిలవలేదు. ఆమె రెండు గీతలు గీసి ఆపేసింది.

లేచి షెడ్డు చివరికి వెళ్ళింది. నెల్సన్ తల ఎత్తకుండానే పక్కనున్న ఖాళీ గోతం ఆమె వైపు జరిపాడు.

"బడిలో పెట్టానండీ. మొహం లేదు కదా అని" అంది జహీరా.

"ఆయ్. చెప్పారండి." కుళ్ళిన ఉల్లిపాయ ఒకటి వేళ్ళతో నొక్కి చూసి బుట్టలోకి విసిరాడు. "కొల్లేటి మనిషని మీరే అన్నారంట కదా."

"మిమ్మల్ని కాపాడదామని అన్నానండీ."

"అవునండి. అది ఈ మార్కెట్లో పనికొచ్చే మాట. బయట ఆ మాటంటే నా పేరు చెప్పినట్టే కదండి."

ఏరుతున్న ఆడవాళ్ళు మాటలు ఆపి వింటున్నారు. నెల్సన్ ఇంకో ఉల్లిపాయ తీసుకున్నాడు.

"ఇప్పుడు గియ్యండి టీచరమ్మ గారూ. కదలను కదా. తీరిగ్గా మొహం కూడా వేసుకోవచ్చు."

అతను నవ్వలేదు. ఆమె సంచీ తెరవలేదు. కాసేపటికి అతను నీళ్ళకోసం లేచాడు. ఈసారి నడుము తిప్పలేదు, కాలు పైకి లాగలేదు. గోడ పట్టుకుని కుడి కాలు ఈడ్చుకుంటూ కుళాయి దాకా వెళ్ళాడు. దాచడానికి ఇంకేమీ లేని ఆ నడకని జహీరా అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆమె గీసిన కాగితాల్లో అది ఒక్కచోటా లేదు.

బడి గేటు దగ్గర వాచ్‌మన్ నిచ్చెన వేసుకుని కొత్త ఫ్లెక్సీ కడుతున్నాడు. కింద క్రాంతి కుమార్ నిలబడి కుడివైపు ఇంకాస్త ఎత్తమంటున్నాడు. ఫ్లెక్సీ మీద నిలువెత్తున నెల్సన్ బస్తాతో దిగుతున్నాడు. ఎడమ కాలు నల్లగా, కుడి కాలు పొగలా, పాదం నుంచి మెడకి అదే వంపు. కింద పెద్ద అక్షరాలతో "కష్టే ఫలి" అని ఉంది. కోడిగుడ్డు ఆకారంలో రెండు కళ్ళూ, మీసమూ, నవ్వే నోరూ ఉన్నాయి.

"మొహం లేకపోతే వెలితిగా ఉందన్నాడండీ ఫ్లెక్సీ అతను" అన్నాడు క్రాంతి కుమార్. "అతనే పెట్టేశాడు. బాగా కలిసింది కదా మేడం?"

జహీరా ఆ మొహం చూసింది. అది ఎవరిదీ కాదు.

"బాగుందండీ" అని లోపలికి వెళ్ళింది. మొదటి పీరియడు మూడో క్లాసు. బల్ల మీద కుండ పెట్టి, పిల్లల్ని గీయమంది.